తల్లి వంశరేఖలో సముద్రయానం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సుమారు నాలుగు వేల సంవత్సరాల కిందట తైవాన్ తీరం నుంచి తెరచాప పడవల్లో బయలుదేరిన ఆస్ట్రోనేషియన్ భాషీయుల సంతతి పశ్చిమాన మడగాస్కర్ మొదలుకొని తూర్పున ఈస్టర్ ద్వీపం దాకా ఎలా విస్తరించిందో గత సంచికలోని వ్యాసం వివరించింది. దానిపై వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జన్యు ఆధారాల గురించే కనుక, ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఆ తొలి నావికులు రాతపూర్వకంగా ఏమీ మిగల్చలేదు. అలాంటప్పుడు ఈనాటి మనుషుల తల్లివైపు డీఎన్‌ఏను చూసి, వేల ఏళ్ల నాటి ప్రయాణాలు ఎటు నుంచి ఎటు సాగాయో ఎలా చెబుతున్నారు?
(డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలకు కేంద్రకంతో సంబంధం లేని సొంత డీఎన్‌ఏ ఉంటుంది. అది 16,569 అక్షరాల (అంటే వరుసగా పేర్చిన రసాయన ప్రమాణాల) చిన్న వలయం. బిడ్డకు ఇది తల్లి అండం నుంచే వస్తుంది. కొడుకుకూ కూతురికీ అందుతుంది గాని, కొడుకు దాన్ని తన పిల్లలకు ఇవ్వలేడు. మన ఇళ్లలో ఇంటిపేరు తండ్రి నుంచి పిల్లలకు దిగుతున్నట్టే ఇది తల్లి నుంచి దిగుతుంది. కేంద్రకంలోని డీఎన్‌ఏ తరతరానికీ కలగలిసిపోతుంది, కానీ ఇందులో అలాంటి కలయిక లేదు. ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారుతుంది, ఆ మార్పు ఆ తల్లి కూతుళ్లకూ, వారి కూతుళ్లకూ చేరుతుంది. కాబట్టి ఏ మార్పు ముందు వచ్చిందో, ఏది దానిపైన వచ్చిందో వరుస కట్టవచ్చు. ఆ వరుసలోని ఒక్కొక్క మెట్టు ఏ తీరాల్లో కనిపిస్తోందో పటంపై గుర్తిస్తే దిశ బయటపడుతుంది.

పసిఫిక్ విషయంలో ఈ వరుస ఎంత స్పష్టంగా ఉందో చూడండి. ముందుగా, ఒకచోట తొమ్మిది అక్షరాలు రాలిపోయాయి. 'బి' అనే పెద్ద వంశశాఖకు ఇదే గుర్తు. తూర్పు ఆసియా అంతటా ఇది కనిపిస్తుంది. ఆ శాఖలో ఒక కొమ్మకు 16217, 16261 స్థానాల్లో మార్పులు తోడయ్యాయి. ఈ దశలో ఉన్న వంశరేఖలు అమిస్ వంటి తైవాన్ మూలవాసుల్లోనూ, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దీవుల్లోనూ ఉన్నాయి. ఆ తరువాత 16247వ స్థానంలో ఇంకొక మార్పు జరిగింది. ఈ చివరి మార్పు తైవాన్‌లో దాదాపు కనిపించదు. తూర్పు ఇండోనేషియాలో, న్యూగినీ చుట్టుపక్కల దీవుల్లో మొదలై, తూర్పుకు వెళ్లేకొద్దీ పెరుగుతూ, పాలినీషియాకు, అంటే మధ్య, తూర్పు పసిఫిక్ దీవులకు చేరేసరికి అత్యధికుల్లో ఉంటుంది. శాస్త్రజ్ఞులు ఈ మార్పుల గుంపును 1990ల మధ్య నుంచి పాలినీషియన్ మోటిఫ్ అని పిలుస్తున్నారు. తొలి మెట్లు పడమటి దీవుల్లోనూ చివరి మెట్టు తూర్పు దీవుల్లోనూ ఉన్నప్పుడు ప్రయాణం తూర్పుకే సాగిందని చెప్పడానికి సాహసం అక్కర్లేదు.

ఇక్కడ ఒక పాత వాదాన్ని గుర్తుచేయాలి. నార్వే దేశస్థుడు థోర్ హెయెర్‌డాల్ 1947లో కాన్-టికి అనే తెప్పపై పెరూ నుంచి 101 రోజుల్లో టువామోటు దీవులకు చేరి, పాలినీషియన్ల పూర్వీకులు దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఉండవచ్చునని వాదించాడు. అమెరికా ఆదివాసుల్లోనూ ఆ తొమ్మిది అక్షరాల లోపం ఉంది కనుక, దాన్నొక్కటే చూసేవారికి ఈ వాదం నిజమనిపిస్తుంది. అయితే అమెరికా కొమ్మ వేరు, పసిఫిక్ కొమ్మ వేరు. పైన చెప్పిన మార్పుల్లో 16261, 16247 మొదటిదానిలో లేవు. ఈస్టర్ ద్వీపంలోని పాత ఎముకల నుంచి తీసిన డీఎన్‌ఏను ఎరికా హేగల్‌బర్గ్ బృందం 1994లో పరీక్షించినప్పుడు అందులో కనిపించింది పాలినీషియన్ మోటిఫే. అంతమాత్రాన రెండు తీరాలకూ సంబంధమే లేదనుకోకూడదు: చిలగడదుంప అమెరికా పంట, అది యూరోపియన్లకు ముందే పాలినీషియాలో ఉంది, క్రీ.శ. 1200 ప్రాంతంలో కొందరు పాలినీషియన్లకు అమెరికా ఆదివాసులతో కలయిక జరిగిందని 2020లో వచ్చిన కేంద్రక డీఎన్‌ఏ అధ్యయనం చూపింది. అది సంపర్కం, మూలం మాత్రం ఆసియాదే.

ఈ పద్ధతికి ఉన్న హద్దును కూడా చెప్పకపోతే జవాబు అసంపూర్ణమవుతుంది. పది తరాల వెనక్కు వెళ్తే మన వంశవృక్షంలో 1,024 స్థానాలు ఉంటాయి, మైటోకాండ్రియా వాటిలో ఒక్క స్త్రీ మాటే చెబుతుంది. డబ్బు కట్టి చేయించుకున్న పరీక్షలో వచ్చిన ఒక అక్షరం, ఒక అంకె చూసి 'నా జాతి ఇది' అని తీర్మానించేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. పైగా, మార్పుల వరుస గట్టిదే గాని, వాటి తేదీలు అంత గట్టివి కావు. 16247 మార్పు లాపిటా కుండల (ఆ తొలి నావికుల ప్రత్యేక శైలి మట్టికుండల) కాలానికి, అంటే సుమారు 3,300 ఏళ్ల కిందటికి, ఎంతో ముందే న్యూగినీ దగ్గరి బిస్మార్క్ దీవుల్లో పుట్టిందని 2011లో పెడ్రో సువారిష్ బృందం లెక్కగట్టింది. ఆ లెక్కను ఒప్పుకోనివారూ ఉన్నారు.

ప్రశ్న: అండమాన్, నికోబార్ దీవులవారు కూడా ఈ నావికుల సంతతేనా?
(విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: ఇద్దరూ కారు, పైగా వారిద్దరూ ఒకరికొకరు దగ్గరివారు కూడా కారు. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం)లో తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు ఓంగీ, గ్రేట్ అండమానీ ప్రజల మైటోకాండ్రియా డీఎన్‌ఏను పూర్తిగా చదివి 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం వారివి ఎం31, ఎం32 అనే చాలా పురాతన శాఖలు. ఎం31కు చుట్టరికం ఉన్న రేఖలు తరువాత ఈశాన్య భారతంలో దొరకడంతో, అండమాన్ చేరిన కాలంపై చర్చ సాగుతోంది. నికోబార్ వారి భాష ఖాసీ, ముండారీల వలె ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానిది. వారిలోనూ తొమ్మిది అక్షరాల లోపం ఉంది గాని, అది ఆగ్నేయాసియా ప్రధాన భూభాగంలో కనిపించే బి5ఏ శాఖది. పసిఫిక్ వారిది బి4ఏ.

ప్రశ్న: పాలినీషియాలో మగవారి వంశరేఖలు వేరే కథ చెబుతున్నాయని చదివాను. తల్లుల డీఎన్‌ఏ ఆసియా అంటే, తండ్రుల డీఎన్‌ఏ న్యూగినీ వైపు అంటున్నదట. ఏది నమ్మాలి?
(జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, వరంగల్లు)

జవాబు: రెండూ నమ్మదగినవే. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్‌ను, తల్లి రేఖను పక్కపక్కన పెట్టి మాన్‌ఫ్రెడ్ కైజర్ బృందం 2006లో ప్రకటించిన లెక్క ఇది: పాలినీషియన్ల తల్లి రేఖల్లో సుమారు 94 శాతం ఆసియా నుంచి వచ్చినవి కాగా, తండ్రి రేఖల్లో సుమారు 66 శాతం మెలనీషియా, అంటే న్యూగినీ పరిసరాల నుంచి వచ్చినవి. ఇంత తేడా యాదృచ్ఛికంగా రాదు. బయటి మగవారు వచ్చి చేరగలిగిన, ఆడవారు మాత్రం తమ గుంపులోనే నిలిచిన సమాజం దీని వెనుక ఉండాలి.

మానవశాస్త్రజ్ఞులు పెర్ హాగే, జెఫ్ మార్క్ 2003లోనే దీనికొక వివరణ ఇచ్చారు. ఆ ప్రాచీన సముద్ర సమాజాల్లో వంశం తల్లివైపు లెక్కకు వచ్చేదనీ, పెళ్లయిన మగవాడు భార్య ఊరికి వెళ్లి స్థిరపడేవాడనీ వారి వాదం. ఇల్లరికమే అందరి ఆచారమైనచోట న్యూగినీ ప్రాంతపు యువకుడు అల్లుడుగా వచ్చి చేరితే, అతని పిల్లలు తల్లి ఊరివారే అవుతారు. వారి మైటోకాండ్రియా ఆసియాది, కొడుకుల వై క్రోమోజోమ్ మాత్రం న్యూగినీది. ఇలా కొన్ని తరాలు గడిస్తే ఈనాటి లెక్కలు వచ్చితీరతాయి.

ఈ కలయిక ఎప్పుడు జరిగిందన్న ప్రశ్నకు సమాధానం బతికున్నవారి డీఎన్‌ఏలో దొరకలేదు, సమాధుల్లో దొరికింది. వనువాటులోని టెయోమా లాపిటా శ్మశానం నుంచి ముగ్గురి డీఎన్‌ఏను, టోంగాలోని తలాసియు నుంచి ఒకరి డీఎన్‌ఏను 2016లో చదివారు. సుమారు 2,300 నుంచి 3,100 ఏళ్ల కిందట మరణించిన ఆ నలుగురిలో పాపువా, అంటే న్యూగినీ, వారసత్వం దాదాపు లేదు. ఈనాడు అవే దీవులవారిలో అది కనీసం నాలుగో వంతు ఉంది. అంటే తొలి పడవలు న్యూగినీ పక్కనుంచి సాగిపోయినా అక్కడి వారితో పెద్దగా కలవకుండానే ముందుకు వెళ్లాయి, న్యూగినీ వైపు నుంచి మనుషులు తరువాత వెనకాలే వచ్చి కలిశారు. ఈనాటి జనాభా మాత్రమే చేతిలో ఉన్నప్పుడు, దారిలోనే కలయిక పూర్తయి ఉంటుందని చాలామంది పరిశోధకులు భావించారు. ఎముకలు మాట్లాడకపోతే ఆ వరుస తెలిసేది కాదు.

దీనికి ఇంకో మెట్టు 2022లో తోడయింది. మైక్రోనీషియాలో (గువామ్ వంటి పశ్చిమ పసిఫిక్ చిన్న దీవుల్లో) 164 మంది ప్రాచీనుల డీఎన్‌ఏను పరిశీలించిన లియూ, రైక్ తదితరుల బృందం, గువామ్, వనువాటు, టోంగా తొలి నివాసులను పోల్చి చూసింది. వారి మొత్తం జన్యువారసత్వం ఎంత దగ్గరగా ఉందో దాన్నిబట్టి తల్లి రేఖలు కూడా అంతే దగ్గరగా ఉండాలి. కానీ ఒక దీవి తల్లి రేఖలకూ మరో దీవి తల్లి రేఖలకూ మధ్య అంచనాకు మించిన తేడా కనిపించింది. ఆడవారు పుట్టిన చోటే ఉండిపోయి, మగవారు దీవుల మధ్య తిరిగితేనే అలా జరుగుతుంది. ఈ ఫలితాన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను, ఎందుకంటే తల్లి రేఖను మనం ఎలా చదవాలో అది సరిదిద్దింది. కొత్త దీవికి వలస వెళ్లిన పడవలో స్త్రీలు ఉన్నారన్నది నిస్సందేహం; వారు లేకుండా ఏ దీవిలోనూ ఊరు నిలబడదు. అయితే ఊరు వెలసిన తరువాత దీవి నుంచి దీవికి సాగిన రాకపోకల్లో ఎక్కువ భాగాన్ని ఈ రేఖ పట్టుకోలేదు. వలసకు అది మంచి సాక్షి, రాకపోకలకు కాదు.

ప్రశ్న: ఆఫ్రికా పక్కనే ఉన్న మడగాస్కర్‌కు అంత దూరం నుంచి వచ్చిన స్త్రీలు ముప్పై మందేనన్న మాట నిజమా?
(తెలుగు గృహిణి, డల్లాస్)

జవాబు: ముర్రే కాక్స్ బృందం 2012లో ప్రకటించిన అంచనా అది. మలగాసీ ప్రజల మైటోకాండ్రియా వైవిధ్యాన్ని తీసుకొని, ఎంతమంది తల్లులతో, ఎన్ని తరాల కిందట మొదలైతే ఇంత వైవిధ్యం మిగులుతుందో కంప్యూటర్‌పై రకరకాలుగా నడిపి చూశారు. సుమారు 1,200 ఏళ్ల కిందట, దాదాపు 30 మంది స్త్రీలు, వారిలో అత్యధికులు ఇండోనేషియా మూలంవారు అన్న లెక్క అన్నిటికంటే బాగా సరిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ సంఖ్య పడవ దిగిన స్త్రీలది కాదు, ఈనాటిదాకా కూతుళ్ల వరుస తెగకుండా సాగినవారిది. కొడుకులు మాత్రమే పుట్టిన స్త్రీ, పిల్లలు బతకని స్త్రీ ఈ లెక్కలోకి రారు. కాబట్టి దిగినవారు అంతకంటే ఎక్కువమందే అయి ఉంటారు.

మలగాసీ తల్లి రేఖల్లో కొన్ని పాలినీషియన్ మోటిఫ్‌పైనే ఇంకో రెండు మార్పులు చేర్చుకున్నవి. అంటే ఒకే కొమ్మకు చెందిన కూతుళ్లు తూర్పున పసిఫిక్ దీవుల్లోనూ, పడమట హిందూ మహాసముద్రం అవతలా ఉన్నారు. భాష సాక్ష్యం ఇంతకంటే పాతది: మలగాసీకి అతి దగ్గరి చుట్టం బోర్నియో ఆగ్నేయ భాగంలోని మాన్యాన్ భాష అని ఒట్టో క్రిస్టియన్ డాల్ 1951లోనే నిరూపించాడు. అయితే ఈనాటి మలగాసీల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన తల్లి రేఖలూ చాలా ఉన్నాయి. వారు సగం ఆసియా, సగం ఆఫ్రికా అని గీత గీయడం కుదరదు, తీరం మారితే పాళ్లు మారుతాయి.

ప్రశ్న: మనుషుల డీఎన్‌ఏ కాక, ఇదే దారిని చూపే ఇతర జీవుల సాక్ష్యం ఉందా?
(వ్యవసాయ శాస్త్ర విద్యార్థి, బాపట్ల)

జవాబు: ఉంది. పడవల్లో చేమ, పెండలం, అరటి, పంది, కోడి, కుక్క వెళ్లాయి. పిలవకుండానో, ఆహారంగానో పసిఫిక్ ఎలుక కూడా వెళ్లింది. ఈ ఎలుక సొంతంగా సముద్రం దాటలేదు కనుక దాని మైటోకాండ్రియా మనిషి దారినే చూపుతుందని లీసా మటిసూ-స్మిత్ 1990ల నుంచి పరిశోధిస్తూ వచ్చారు.

వ్యవసాయం చదువుతున్న మీకు పేపర్ మల్బరీ ఎక్కువ ఆసక్తి కలిగించవచ్చు. దాని లోపలి బెరడును నీళ్లలో నానబెట్టి, చెక్క సుత్తితో సాగగొట్టి, పాలినీషియన్లు టాపా అనే నారబట్ట తయారుచేస్తారు. ఆ మొక్క స్వస్థలం తూర్పు ఆసియా. గింజతో కాక పిలకలతో, వేరు ముక్కలతో పడవల్లో తీసుకెళ్లి నాటారు. మొక్కల హరితరేణువులకు కూడా సొంత డీఎన్‌ఏ ఉంటుంది, చాలా మొక్కల్లో అది తల్లి మొక్క నుంచే వస్తుంది. తైవాన్, చిలీ పరిశోధకులు 2015లో ఆ డీఎన్‌ఏను పోల్చి, పసిఫిక్ దీవుల్లోని పేపర్ మల్బరీ మూలం దక్షిణ తైవాన్‌లో ఉందని తేల్చారు. ఇందులో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. పసిఫిక్‌లో పాత సాగు నుంచి మిగిలినవి దాదాపు అన్నీ ఆడ మొక్కలే. హవాయిలో కనిపించే మగ మొక్కలు చాలా కాలం తరువాత ఆసియా నుంచి విడిగా తెచ్చి నాటినవి.