పాత మెనూ, కొత్త గైడ్

ప్రశ్న: మాది చిన్న కంపెనీ, షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. 4.2, 5.0, 5.1 వెర్షన్లు మూడూ కస్టమర్ల దగ్గర నడుస్తున్నాయి, హెల్ప్ పేజీలు మాత్రం ఒక్క సెట్టే. పోయిన నెల గుంటూరు నుంచి ఒక షాపాయన ఫోన్ చేసి "మీరు ట్యాక్స్ ట్యాబ్ నొక్కమని రాశారు, నా దగ్గర అసలు ఆ ట్యాబే లేదు" అని అరగంట వాయించాడు. అది 5.0లో వచ్చింది, ఆయనది 4.2. మా సార్ ప్రతిచోటా బ్రాకెట్లో '5.0 నుంచి' అని పెట్టమన్నారు. ఇప్పుడు పేజీ నిండా బ్రాకెట్లే. వేరే దారి లేదా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఉంది. మీ సార్ చెప్పింది మరీ తప్పేమీ కాదు లెండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్‌లో స్ట్రింగుల (అక్షరాల వరసల) దగ్గర 'రిమూవ్‌ప్రిఫిక్స్' అనే ఫంక్షన్ చూడండి, కిందే 3.9లో చేర్చినట్టు చిన్న నోట్ ఉంటుంది. 3.8 వాడేవాడికి ఆ ఒక్క ముక్క చాలు, నా కోడ్ ఎందుకు పనిచెయ్యట్లేదని తల బాదుకునే పని తప్పుతుంది. కొత్తగా ఒక ఫంక్షనో ఆప్షనో కలిస్తే అలా నోట్ పెట్టొచ్చు. మీకు మారింది స్క్రీనే కదా, అక్కడ నోట్లు పనికిరావు. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉండగా షాపాయన '4.2 అయితే ఇలా, కాకపోతే అలా' అని చదువుతూ కూర్చోడు, మొదట కనిపించిన లైన్ చూసి నొక్కేస్తాడు. కాబట్టి వెర్షన్‌కో సెట్ విడగొట్టాల్సిందే.

విడగొట్టి మూడు ఫోల్డర్లలో కాపీ చేసి పెట్టుకుంటే మాత్రం ఆరు నెలల్లో మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు. పేజీలను మామూలు టెక్స్ట్‌గా మార్చి, కోడ్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే (మార్పులన్నీ గుర్తుపెట్టుకునే ఖజానా) పెట్టండి. అందులో ఒక్కో వెర్షన్‌కి ఒక్కో బ్రాంచ్, అంటే విడి శాఖ. 4.2 బ్రాంచ్‌లో 4.2 పేజీలు, 5.1 బ్రాంచ్‌లో 5.1 పేజీలు. పైథాన్ వాళ్ల పేజీలు కూడా కోడ్ పక్కనే 'డాక్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. తప్పు దొరికితే ముందు కొత్త పని జరిగే మెయిన్ బ్రాంచ్‌లో దిద్ది, తర్వాత ఆ తప్పే ఉన్న పాత బ్రాంచ్‌లకు పంపుతారు, అదే బ్యాక్‌పోర్ట్. పుల్ రిక్వెస్ట్‌కి, అంటే 'ఈ మార్పు కలపండి' అనే అభ్యర్థనకి, లేబుల్ తగిలిస్తే ఆ మోత పని బాట్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, ఫిర్యాదు వచ్చిన 4.2లో దిద్దేసి ఊరుకుంటారు, అదే తప్పు 5.1లో హాయిగా కూర్చుని ఉంటుంది. ఇంకోటి, మెనూ మార్చిన పుల్ రిక్వెస్ట్‌లో పేజీ మార్పు లేకపోతే మెర్జ్ చెయ్యొద్దు, అంటే అసలు కోడ్‌లో కలపొద్దు. డెవలపర్లు మొదట్లో సణుగుతారు, సణగనివ్వండి.

అసలు గుంటూరు ఆయన సమస్యకి ఇంకా చిన్న మందుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో హెల్ప్ బటన్ నొక్కితే ఏ పేజీ తెరుచుకుంటోంది? ఆ లింకులో వెర్షన్ నంబర్ చేర్చండి, 4.2లో నొక్కితే 4.2 పేజీయే రావాలి. తన దగ్గరున్నది ఏ వెర్షనో ఆయనకు తెలియాల్సిన అవసరమే ఉండదు. స్క్రీన్‌షాట్లు కూడా తగ్గించండి, బటన్ రంగు మారితే చాలు, అన్నీ పాతబడతాయి.

ప్రశ్న: మేము వెర్షన్ల వారీగా విడగొట్టాం. అయినా గూగుల్‌లో వెతికితే ఎప్పటిదో పాత పేజీ ముందొస్తోంది. పాతవన్నీ డిలీట్ చేసేద్దామా?
- విశాఖపట్నం నుంచి

జవాబు: వద్దు. పాత వెర్షన్ వాడేవాళ్లు ఉన్నారు, ఎవరెవరో ఆ లింకులు దాచుకునీ ఉంటారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాళ్లను చూడండి. ఒక్కో పెద్ద వెర్షన్‌కు 5 ఏళ్లు సపోర్ట్ ఇస్తారు, ఆ తర్వాత కూడా పేజీ తియ్యరు, దానికి సపోర్ట్ అయిపోయిందని పైన హెచ్చరిక పెడతారు. అదే పేజీ వేరే వెర్షన్‌లో కావాలంటే పైనున్న నంబర్ నొక్కితే చాలు, తిరిగి మొదటి పేజీ నుంచి వెతుక్కోనక్కర్లేదు. ఇక 'కరెంట్' అనే అడ్రసు ఎప్పుడూ తాజా వెర్షన్‌నే చూపిస్తుంది. మీరూ అలాంటి మారని అడ్రసు ఒకటి పెట్టి, పాత పేజీల హెడ్‌లో (పేజీ కోడ్ పైభాగంలో) కెనానికల్ ట్యాగ్‌తో, అంటే అసలు పేజీ ఇదని గూగుల్‌కి చెప్పే గుర్తుతో, దాన్ని చూపించండి. ఏ పేజీలు తెరవొచ్చో గూగుల్ లాంటివాటికి చెప్పే రోబోట్స్ ఫైల్‌లో పాత పేజీలకు అడ్డం పెట్టొద్దు, గూగుల్ ఆ పేజీ తెరవకపోతే ట్యాగ్ ఎలా చదువుతుంది? ఫలితాలు రాత్రికి రాత్రి మారవు, కొన్ని వారాలు ఆగండి.

ప్రశ్న: మా గైడ్ తెలుగులోనూ ఇస్తున్నాం. ఇంగ్లీషు మారినప్పుడల్లా తెలుగు వెనకబడుతోంది, ఏది పాతదో మాకే తెలియట్లేదు.
- వరంగల్ నుంచి

జవాబు: పేజీ మొత్తాన్ని ఒక ముద్దగా అనువదిస్తే అంతే. స్ఫింక్స్ (హెల్ప్ పేజీలు తయారుచేసే టూల్), గెట్‌టెక్స్ట్ (అనువాదాల టూల్) వాడి పేరా పేరాగా పీఓ ఫైళ్లలో, అంటే ఇంగ్లీషు పేరా, దాని అనువాదం జంటగా ఉండే ఫైళ్లలో, పెట్టుకోండి. ఇంగ్లీషు పేరా కొంచెం మారితే దాని తెలుగు పక్కన 'ఫజ్జీ' (సరిచూడాలి) అని గుర్తు పడుతుంది, ఎవరైనా చూసి సరిచేసేదాకా అక్కడ ఇంగ్లీషే కనిపిస్తుంది. తెలుగు పేజీ మధ్యలో ఇంగ్లీషు పేరా చూడ్డానికి బాగోదు, నిజమే. లేని ట్యాబ్‌ని చక్కటి తెలుగులో నొక్కమనడం కన్నా నయం.