గుర్తుంచుకునేవాడు జట్టుకు అక్కరకు రావాలంటే

ప్రశ్న: మావాడు ఒంగోలులో తొమ్మిదో తరగతి. ఒకసారి చదివితే తేదీలతో సహా అప్పజెప్పేస్తాడు. ‘మన జిల్లా చరిత్ర’ అని నలుగురికి కలిపి ప్రాజెక్టు ఇస్తే అంతా తనే చెప్పాడు, మిగతా ముగ్గురూ రాసుకున్నారు. టీచరు అడిగితే ఆ ముగ్గురికీ నోరు పెగల్లేదు. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి

జవాబు: వాణ్ణి నోరు మూసుకోమనకండమ్మా. మాట్లాడే వరస మార్చండి చాలు.

మొదటి 5 నిమిషాలు పుస్తకాలు మూసి, మాటల్లేకుండా, ఎవరికి గుర్తున్నది వాళ్లు విడి కాగితం మీద రాయాలి. తర్వాత ఒక్కొక్కరే చదవాలి. మీవాడిది ఆఖరి వంతు. వాడు ముందే మొదలెడితే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. గుర్తు తెచ్చుకోవడానికి పడే తిప్పలే పాఠాన్ని బుర్రలో నిలబెడతాయి. పైగా గుంపుగా కూర్చుని గుర్తు తెచ్చుకున్నప్పటికన్నా, విడివిడిగా రాసి కలిపితే ఎక్కువ సంగతులు పోగవుతాయని మనస్తత్వ శాస్త్ర పరిశోధనల్లో తేలింది. ఒకరి మాట ఇంకొకరి ఆలోచనను తెంపేస్తుంది మరి.

ఎవరైనా తడుముకుంటే జవాబు కాదు, ఆనవాలు ఇవ్వాలి. ప్రకాశం పంతులు గారు ఎప్పుడు ముఖ్యమంత్రి అయ్యారన్నది తట్టకపోతే, ‘కర్నూలు రాజధాని అయిన రోజే, గాంధీ జయంతికి ముందు రోజు’ అని ఆగాలి. 1953 అక్టోబరు 1 అని వాళ్లే అంటారు. అప్పటికీ రాకపోతే పుస్తకం తియ్యాలి.

వాడి జ్ఞాపకానికి అసలైన పని వేరే ఉంది: తోటివాళ్ల మాటలు పట్టి ఉంచడం. అష్టావధాని అందరి ప్రశ్నలూ విని, వంతులవారీగా పూరించి, చివర్న ధారణ చేసినట్టు. రెండోరోజు మొదట్లో 2 నిమిషాలు, నిన్న ఎవరేమన్నారో పేర్లతో చెప్పమనండి. ‘తాతయ్యను అడిగి వస్తానన్నావు, అడిగావా?’ అంటే మాట్లాడని పిల్ల కూడా కదులుతుంది.

ఒక ప్రమాదం ఉంది. జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న, ఒంగోలు జిల్లాగా. ప్రకాశం పేరు వచ్చింది 1972లో. ‘1972లో ఏర్పడింది’ అని వాడు ధీమాగా అంటే ముగ్గురూ ఎదురు చెప్పకుండా చార్టుకెక్కిస్తారు. అందుకే వాడు చెప్పిన ప్రతి తేదీనీ ముందు పెన్సిలుతో రాయాలి, ఇంకొకరు పుస్తకంలో చూశాకే స్కెచ్ పెన్ను పెట్టాలి.

టీచరు గారితోనూ ఒక మాట అనండి. చార్టుకు మాత్రమే మార్కులుంటే మీవాడే మళ్లీ అంతా చేసేస్తాడు. ఎవరు రాసిన భాగం మీదైనా, నలుగురిలో ఎవరినైనా రెండు ప్రశ్నలు అడుగుతామని ముందే చెబితే, అందరికీ నేర్పించాల్సిన అవసరం వాడికే పడుతుంది.