కరెంటు పోగానే ఎరువు బకెట్ ఖాళీ అవుతోందా?

ప్రశ్న: మిరపకు డ్రిప్‌లో వెంచురీతో (ఒత్తిడి తేడాతో బకెట్‌లోని ఎరువును సన్నగొట్టం ద్వారా పైపులోకి లాగే పరికరం) యూరియా, 19:19:19 ఎరువు ఇస్తున్నాం. ఒక్కోసారి బకెట్‌లో మందునీళ్లు తగ్గకపోగా పొంగి పొర్లుతున్నాయి. కరెంటు పోయినప్పుడేమో బకెట్ దానంతటదే ఖాళీ అవుతోంది. ఆ బోరు నీళ్లే తాగుతాం. ఏమైనా ఇబ్బందా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ఇవి రెండు వేర్వేరు తేడాలండీ. పొంగితే ఎరువు దండగ, అంతే. ఖాళీ అవడమే ప్రమాదం.

ముందు పొంగడం సంగతి. వెంచురీ ఎరువును లాగాలంటే నీళ్లు వచ్చే వైపు కంటే పోయే వైపు ఒత్తిడి కనీసం 20 శాతం తక్కువుండాలి. అంటే ఇటు గేజ్ 1.5 కిలోలు చూపిస్తే అటు 1.2 దాటకూడదు. స్క్రీన్ ఫిల్టర్‌కు పాచి పట్టినా, మెయిన్ లైన్ గేట్ వాల్వ్ బార్లా తెరిచినా ఈ తేడా పోతుంది. ఫిల్టర్ కడిగి, గేట్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా మూస్తూ సన్నగొట్టం లాగేదాకా చూడండి.

కరెంటు పోయినప్పుడు జరిగేది వేరు. పంపు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వ్ (ఎన్‌ఆర్‌వీ, నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) కారుతుంటే పైపులో నిలిచిన నీళ్లు బోరులోకి జారిపోతాయి. ఆ జారుడు బకెట్‌లోని ఎరువునీళ్లను కూడా పీల్చుకుంటుంది. మీ యూరియా బోరులోకి పోతోందన్నమాట. తేల్చుకోవడానికి బకెట్‌లో ఉత్త నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత గీసి, మోటారు ఆపండి. మట్టం గీత కిందికి దిగితే బోరు పీలుస్తున్నట్టే. మళ్లీ వేసినప్పుడు పైపు ముందు గాలి కక్కి, ఆలస్యంగా నీళ్లు పోసినా అదే గుర్తు.

సన్నగొట్టానికి చిన్న ఎన్‌ఆర్‌వీ బిగించి ధీమాగా ఉంటారు చాలామంది. అది బకెట్ పొంగకుండా ఆపుతుంది గానీ బోరు పీల్చడాన్ని ఆపదు. ఎరువు పోయే దిక్కుకు అది ఎటూ తెరుచుకునే ఉంటుంది కదా! బోరుకూ వెంచురీకీ మధ్య మెయిన్ లైన్‌లోనే స్ప్రింగ్ ఎన్‌ఆర్‌వీ ఉండాలి. దానికీ బోరుకూ మధ్య ఒక ఎయిర్ వాల్వ్ పెడితే, ఎన్‌ఆర్‌వీలో ఇసుక ఇరుక్కున్నా బోరు గాలిని పీల్చుకుంటుంది, ఎరువును కాదు. ఎరువు అయ్యాక సన్నగొట్టం వాల్వ్ కట్టి, 15 నిమిషాలు ఉత్త నీళ్లు పారించాకే మోటారు ఆపండి.

బోరులోకి పోయిన ఎరువులోని నత్రజని నీళ్లలో నైట్రేట్‌గా చేరుతుంది. తాగే నీళ్లకు నైట్రేట్ హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. పరీక్ష చేయించేదాకా ఆ నీళ్లు తాగకండి, పసిపిల్లల పాలలో అసలు కలపకండి. కాచితే నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.