లీకు ఎక్కడుందో తెలిశాకే డబ్బు సంగతి

ప్రశ్న: మా ఇంటికంతటికీ వేసవిలో చల్లదనాన్నీ చలికాలంలో వెచ్చదనాన్నీ ఇచ్చే హీట్ పంప్‌కు 14 ఏళ్లు నిండాయి. ఈ ఏడాది ఇప్పటికే రెండుసార్లు గ్యాస్ నింపించాం. మళ్లీ చల్లదనం తగ్గింది. ఇండోర్ కాయిల్ (ఇంటి గాలిని చల్లబరిచే లోపలి గొట్టాల చుట్ట) మార్చాలనీ, దానికి కొత్త వ్యవస్థ ధరలో నాలుగో వంతు అవుతుందనీ, అంత పెట్టే కంటే మొత్తం మార్చుకుంటే కరెంటు ఖర్చు 40 శాతం తగ్గుతుందనీ టెక్నీషియన్ చెప్పారు. 12 నెలల వడ్డీ లేని వాయిదాలు ఇస్తామంటున్నారు. ఒకేసారి చెల్లిస్తే 8 శాతం తగ్గిస్తారట. కొత్త వ్యవస్థ ధర మా నాలుగు నెలల ఇంటి ఖర్చుతో సమానం. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉంది, రిటైర్మెంట్ పొదుపు వేరే ఉంది. మా అత్తగారికి 78 ఏళ్లు, వేడికి తట్టుకోలేరు. డబ్బు దేనిలోంచి తీయమంటారు?

జవాబు: మీరు డబ్బు ఎక్కడి నుంచి తీయాలని అడిగారు. దానికి తప్పకుండా సమాధానం చెబుతాను. కానీ అంతకంటే ముందు తేలవలసిన విషయం ఒకటుంది. రెండుసార్లు నింపిన గ్యాస్ ఎక్కడి నుంచి పోయిందో మీ ఉత్తరంలో లేదు; టెక్నీషియన్ చూపించారో లేదో కూడా మీరు రాయలేదు.

హీట్ పంప్‌లోని గ్యాస్ వాహనంలో పెట్రోలులా వాడే కొద్దీ తరిగిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకును పట్టుకోకుండా రెండుసార్లు నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఆ రెండు బిల్లులూ మీకు దక్కకుండా పోయాయని చెప్పడానికి బాధగా ఉంది. ఇప్పుడు కాయిల్ మార్చాలంటున్న వ్యక్తిని, లీకు కాయిల్‌లోనే ఉందని ఎలా తెలిసిందో మర్యాదగా అడగండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది కనుక, లీకు ఉన్న చోట దుమ్ము పట్టిన జిడ్డు మరక చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. అక్కడ సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. గొట్టాల్లో నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడటం ఇంకా ఖాయమైన పరీక్ష. లీకు గొట్టాలు కలిసే నట్టు దగ్గరో వాల్వు దగ్గరో ఉంటే బాగుచేయడానికి పెద్ద ఖర్చు కాదు. కాయిల్‌కే తూట్లు పడితే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఆ లెక్క ఎలా మారుతుందో చూద్దాం. చాలామంది మరమ్మతు ఖర్చును కొత్తదాని ధరతో పోల్చి, నాలుగో వంతే కదా అనో, నాలుగో వంతా అనో తేల్చేస్తారు. నా దృష్టిలో ఆ పోలిక సరైనది కాదు, ఎందుకంటే కొత్త యంత్రం పదిహేనేళ్లు పనిచేస్తే, మరమ్మతు చేసిన పాత యంత్రం ఎన్నేళ్లు పనిచేస్తుందో మనం లెక్కలోకే తీసుకోవడం లేదు. పోల్చవలసింది ఏడాదికి పడే ఖర్చుల్ని. కొత్త వ్యవస్థ ధర 100 అనుకోండి. అది 15 ఏళ్లు పనిచేస్తే ఏడాదికి సుమారు 6.7 పడుతుంది. ఇప్పుడు వేడికీ చల్లదనానికీ మీకయ్యే కరెంటు ఏడాదికి 6 అనుకుని, కొత్తది అందులో మూడో వంతు మిగిలిస్తుందనుకుంటే 4 అవుతుంది. అంటే కొత్తదానితో ఏడాదికి 10.7. పాతదానికి కాయిల్ మార్చడానికి 25 పెట్టి రెండేళ్లు నడిపితే ఏడాదికి 12.5, కరెంటు 6, మొత్తం 18.5. అది కొత్తదానితో సమానం కావాలంటే ఇప్పటి నుంచి ఐదేళ్లకు పైగా ఆగకుండా నడవాలి. హీట్ పంప్‌లు సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు పనిచేస్తాయి. 14 ఏళ్లు నిండినదాని నుంచి ఇంకో ఐదేళ్లు ఆశించి అంత డబ్బు పెట్టమని నేను చెప్పలేను. అదే, లీకు నట్టు దగ్గరుండి 3తో సరిపోయిందనుకోండి, ఒక్క ఏడాది నడిచినా మొత్తం 9 మాత్రమే అవుతుంది. అప్పుడు మార్చవలసిన తొందర లేదు. నా అంకెలు ఊహించినవి. మీ గడిచిన 12 నెలల కరెంటు బిల్లులు, మీకిచ్చిన కొటేషన్లు ముందు పెట్టుకుని ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

కరెంటు 40 శాతం తగ్గుతుందన్న మాట గురించి కూడా కాస్త వివరంగా చెప్పాలి. ఒకే పనికి పట్టే కరెంటు, యంత్రం సామర్థ్యానికి విలోమంగా ఉంటుంది. సామర్థ్యపు రేటింగు 10 నుంచి 15కు పెరిగితే మూడో వంతు ఆదా అవుతుంది. 15 నుంచి 20కి పెరిగితే, మిగిలినదాంట్లో నాలుగో వంతే ఆదా. అందుచేత రేటింగు పెరిగే కొద్దీ ధర పెరుగుతూ పోతుంది కానీ ఆదా కరిగిపోతూ వస్తుంది. ఏడాదిలో కొన్ని నెలలే యంత్రం నడిచే ఇంటికి అన్నింటికంటే పై రేటింగుది కొనడం నేను సాధారణంగా ప్రోత్సహించను. మీకు చెప్పిన 40 శాతం నిజం కావాలంటే, పాతదాని రేటింగు 10 అయితే కొత్తదానిది దాదాపు 17 ఉండాలి. మీ యంత్రానికి అతికించిన లేబుల్‌పై అంకె చూసి మీరే సరిచూసుకోవచ్చు. గ్యాస్ తక్కువై గంటల తరబడి నడిచిన నెలల బిల్లును మాత్రం పోలికకు తీసుకోకండి, అది లీకు వల్ల పెరిగిన ఖర్చు.

పాతదాన్నే ఉంచుకోవాలనుకుంటే లోపల ఏ గ్యాస్ ఉందో కూడా లేబుల్‌పైనే చూడండి. ఓజోన్ పొరను రక్షించడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఆర్-22 అనే గ్యాస్ అన్ని దేశాల్లోనూ క్రమంగా తొలగిపోతోంది. దానికి 2016లో కిగాలీలో చేర్చిన సవరణ, భూమిని వేడెక్కించే శక్తి ఎక్కువగా ఉన్న ఆర్-410ఎ వంటి గ్యాస్‌లను కూడా తగ్గించే దారి పట్టించింది. సరఫరా తగ్గే గ్యాస్‌పై నడిచే యంత్రానికి రాబోయే ప్రతి మరమ్మతూ భారమవుతుంది. ఒక రకానికి తయారైన యంత్రంలో మరో రకం గ్యాస్ పోయకూడదు కూడా. ఖర్చు తగ్గుతుందని బయటి యూనిట్‌ను ఒక్కదాన్నే మార్చి లోపలిది పాతదే ఉంచుతామని ఎవరైనా అంటే, రెండూ ఒకదానికొకటి సరిపోయేవని తయారీదారు రాసిచ్చిన కాగితం అడగండి.

ఇక అత్తగారి సంగతి. వయసు మీద పడే కొద్దీ దాహం తెలియడం, చెమట పట్టడం రెండూ తగ్గుతాయి. ఆవిడను వేడిలో ఉంచి మనం కొటేషన్లు పోల్చుకుంటూ కూర్చోవడం న్యాయం కాదు. ఆవిడ గదికి మాత్రం ఒక చిన్న ఏసీని ఇవాళే అమర్చండి, లేదా అద్దెకు తీసుకోండి. దీన్ని నేను వృథా ఖర్చుగా చూడను, ఎందుకంటే అది మీకు రెండు మూడు వారాల గడువు కొనిపెడుతుంది. తొందరలో పెట్టిన సంతకం ఎంత ఖరీదైనదో నాకు అనుభవమే. నడివేసవిలో మా ఇంటి యంత్రం ఆగిపోయిన మర్నాడు, మొదట వచ్చిన సంస్థ కాగితంపైనే సంతకం పెట్టాను. వాళ్లు గదులు కొలవలేదు, కిటికీలు చూడలేదు. పాతదాని టన్నులకు ఒకటి కలిపి పెద్దది బిగించారు. అది పది నిమిషాలు నడిచి ఆగేది. గది చల్లగానే ఉండేది గానీ గాలిలో తేమ పోయేది కాదు, రాత్రిళ్లు దుప్పట్లు చెమ్మగా తగిలేవి. అవసరానికి మించిన ఆ టన్నుకు కూడా నేను డబ్బు కట్టాను.

టన్ను అనేది బరువు కాదు, ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ లాగేసుకునే వేడి. దాదాపు మూడున్నర కిలోవాట్లు. మీ ఇంటికి ఎన్ని టన్నులు కావాలన్నది గోడలు, పైకప్పు, కిటికీల దిశ, ఉండే మనుషుల సంఖ్య చూసి లెక్క వేయాలి. మీ ఇంట్లో గాలి గదులకు డక్టుల (గాలిని మోసే గొట్టాల) ద్వారా వెళ్తుంటే వాటిని కూడా పరీక్షించమనండి. లీకయ్యే డక్టుల్లో 20 నుంచి 30 శాతం గాలి గదిదాకా రాకుండానే పోవచ్చు. డక్టులు మూసి, పైకప్పుకు ఇన్సులేషన్ వేశాక చిన్న యంత్రమే సరిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. కనీసం మూడు కొటేషన్లు తీసుకుని, వాటిలో ఈ లెక్క వేసి చూపినవాళ్లకే ప్రాధాన్యం ఇవ్వండి. వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తేమనూ తీసేయడం, ఒత్తిడి పరీక్ష చేయడం, వారంటీలో విడిభాగాలతో పాటు కూలి కూడా ఉందా లేదా అన్నది కొటేషన్‌లోనే రాయించండి.

ఇప్పుడు మీరు అడిగిన డబ్బు సంగతి. లీకు కాయిల్‌లోనే ఉందని తేలి మార్చక తప్పదనుకుందాం. వాయిదాలకు వడ్డీ లేదన్నది పేరుకే. ఒకేసారి చెల్లిస్తే 92, వాయిదాల్లో 100 అంటున్నారంటే, మిగిలిన 8 వడ్డీయే. 92ను అప్పుగా తీసుకుని నెలకు 8.33 చొప్పున 12 నెలలు కడుతున్నట్టు లెక్కిస్తే అది ఏడాదికి 15 శాతానికి పైమాటే. రిటైర్మెంట్ పొదుపును ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ముందుగా తీస్తే పన్నో జరిమానానో పడవచ్చు, పడకపోయినా మీకు వృద్ధాప్యంలో అక్కరకొచ్చే చక్రవడ్డీ ఇప్పుడే ఆగిపోతుంది.

అత్యవసర నిధి ఇలాంటి సమయానికే ఉంది, వాడుకోవడానికి సంకోచించకండి. అయితే ఇంట్లో పెద్దావిడ ఉన్నందున మూడు నెలల ఖర్చులు మాత్రం కదపకుండా ఉంచండి. తగ్గింపు పోగా ధర మీ 3.7 నెలల ఖర్చుకు సమానం. నిధి నుంచి మూడు నెలలది తీసి, మిగిలిన 0.7 నెలది మీ బ్యాంకులో ఏడాదికి మించని వ్యక్తిగత రుణంగా తీసుకోండి. ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి వడ్డీ 15 శాతానికి లోపుంటే చాలు, పూర్తి తగ్గింపు మీకే దక్కుతుంది. బ్యాంకు అంతకంటే ఎక్కువ అడిగితే, కొంత ఒకేసారి చెల్లించి మిగతాది వాయిదాల్లో కట్టే ఏర్పాటుకు ఆ సంస్థ ఒప్పుకుంటుందేమో కనుక్కోండి. ఏ దారిలో వెళ్లినా పదో వంతు డబ్బు ఆపి, కొత్త యంత్రం ఒక రోజంతా నడిచాక, లోపలి యూనిట్ పీల్చే గాలికీ గదిలోకి వదిలే చల్లగాలికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ తేడా ఉందని థర్మామీటరు పెట్టి చూసుకున్న తర్వాతే ఇవ్వండి.

రుణం తీరిన నెల నుంచి అదే వాయిదాను ఆపకుండా మీ అత్యవసర నిధిలోకి మళ్లించండి. అది ఆరు నెలల స్థాయికి చేరాక వేరే ఖాతా ఒకటి తెరిచి ఈ యంత్రం పేరుతో పొదుపు మొదలుపెట్టండి. ధరలు ఏటా 4 శాతం పెరిగితే 15 ఏళ్లకు ఇదే వ్యవస్థ 1.8 రెట్లు అవుతుంది. ఈనాటి ధరను 180 నెలలకు పంచితే వచ్చే మొత్తం చాలదు. దాని రెట్టింపుకు కాస్త తక్కువగా నెలనెలా వేస్తూ వెళ్లండి, వచ్చే వడ్డీ మధ్యలో వచ్చే సర్వీసు ఖర్చులకు ఉంటుంది. ఒకవేళ లీకు నట్టు దగ్గరే దొరికి పాత యంత్రం మిగిలిపోతే మాత్రం ఈ ఖాతాను వచ్చే నెలలోనే తెరవండి, ఆ పాత యంత్రానికి ఇంకెంతో కాలం మిగిలి లేదు.