మీ నానమ్మను అడిగావా?

ప్రియమైన చెల్లాయికి,

"మా పల్లె కథ మేమే సినిమాగా తీస్తే ఇక తప్పు పట్టేదెవరు?" అని రాశావు. మీ నానమ్మే పట్టొచ్చు.

అమెరికాలో ఆర్లీన్ బౌమన్ అనే దర్శకురాలి సంగతి చెప్తాను. ఆమెది నవహో అనే అమెరికా మూలవాసుల తెగ. అప్పటిదాకా వాళ్ల జనాన్ని ఎక్కువగా తెరకెక్కించింది హాలీవుడ్డే. 1939లో 'స్టేజ్‌కోచ్' తీస్తూ జాన్ ఫోర్డ్ అనే దర్శకుడు మాన్యుమెంట్ వ్యాలీ నవహోలకు అపాచీలనే వేరే తెగ వేషం కట్టాడు. ఎవరైతేనేం, రెడ్ ఇండియన్లే కదా! లోపలి మనిషే కెమెరా పట్టాలని నీకు అనిపించడంలో తప్పేం లేదు. బౌమన్ లాస్ ఏంజెలిస్‌లో సినిమా చదువుకుని, 1980ల నడుమ అరిజోనాలో ఉన్న తన అవ్వ దగ్గరికి వెళ్లింది. మనవరాలికి నవహో భాష రాదు, అవ్వకు ఇంగ్లీషు రాదు. అవ్వ కెమెరా వద్దంది. ఈమె ఆపలేదు. ఆ పంతం నాకు నచ్చదు. కానీ ఆ 'వద్దు'ను కత్తిరించకుండా సినిమాలోనే ఉంచింది. ఆ ధైర్యం ఎందరికుంటుంది?

అంతకు సుమారు ఇరవై ఏళ్ల ముందు, 1966లో, అరిజోనాలోనే పైన్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో సోల్ వర్త్, జాన్ అడైర్ అనే పరిశోధకులు నవహోల చేతికే కెమెరాలిద్దామనుకున్నారు. అక్కడి పెద్దాయన శామ్ యాజీ అడిగాడట: సినిమా వల్ల గొర్రెలకేమైనా చెడు జరుగుతుందా? జరగదన్నారు. పోనీ, మేలు జరుగుతుందా? అదీ లేదన్నారు. మరెందుకు తీయడం? నీ స్క్రిప్టు చదివే నిర్మాత కూడా ఇంత సూటిగా అడగడు.

అక్కడ సూసీ బెనల్లీ తన తల్లి నేత పని మీద సినిమా తీసింది. అంతా మగ్గం మీద పనే చూస్తామనుకుంటాం మనం. ఆవిడేమో నడుస్తూనే ఉంటుంది. ఉన్ని కడగడానికి యక్కా అనే మొక్క వేర్లు తవ్వుతుంది, రంగులకు మొక్కలు ఏరుతుంది, ఉన్ని ఏకుతుంది, వడుకుతుంది. సినిమాలో చాలా భాగం ఈ పనులే. బయటివాడైతే ఆ నడకంతా కోసేసేవాడు. తర్వాత సూసీ తల్లికీ కెమెరా నేర్పింది. ఇంగ్లీషు ముక్క రాని ఆవిడా ఒక సినిమా తీసింది!

నవహోల్లో కయోటీ (నక్కలాంటి జంతువు) కథలు చలికాలంలోనే చెప్పుకుంటారు. మిగతా రోజుల్లో ఎంత బతిమాలినా పెద్దలు నోరు విప్పరు. మీ ఊళ్లోనూ అలాంటివి ఉండే ఉంటాయి.

ఇక నీ స్క్రిప్టు. జాతర పేజీలకు పేజీలు నడిచింది, దానికి ముందు ఆడవాళ్లు పడే చాకిరీ ఒక్క వాక్యంలో అయిపోయింది. అది తిరగరాయి. అర్ధరాత్రి కొలుపు సీను మాత్రం నానమ్మను అడగకుండా ముట్టుకోకు. వద్దంటే వాదించకు. ఆవిడ వద్దన్న తీరే సీనుగా రాసి పంపు, చదువుతాను.

మీ అక్క