సమాధానం: వనపర్తి తైలవర్ణ చిత్రం, వెనక ఉన్న 1335

మీ వనపర్తి తైలవర్ణ చిత్రం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే వరుస 1917 దగ్గర ఎందుకు ఆగిపోయిందని అడిగారు. దానికి కారణం, చిత్రం వెనక ఉర్దూ అంకెల్లో ఉన్న 1335ను హిజ్రీగా, అంటే ఇస్లామీయ చాంద్రమాన సంవత్సరంగా లెక్కించడమే కావచ్చు. నిజాం రాజ్యంలో దఫ్తర్లు, లెక్కలు ఎక్కువగా ఫసలీలో, అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరమానంలో నడిచేవి. దానికి 590 కలిపితే 1925 అక్టోబరు నుంచి 1926 అక్టోబరు వరకు వస్తుంది. అప్పుడు మీ తాతగారి పంపకాల కాలానికి సరిపోతుంది.

1. చట్రం విప్పకముందే వెనకవైపు ఫోటోలు తీయండి. అట్టను చింపకండి, పక్కనుంచి టార్చి వేస్తే నొక్కి రాసిన గీతలు కూడా కనిపించవచ్చు.

2. చాలామంది వదిలేసేది ఇదే: పంపకాల దస్తావేజులో భూముల పట్టీ చదివి ఆపేస్తారు. చివరి పుటల్లో గిన్నెలు, పెట్టెలు, దీపపు సెమ్మెల వంటి చరాస్తుల జాబితా ఉండవచ్చు. అక్కడ "చిత్రం" అని కాక "తస్వీర్" అనో "పటం" అనో ఒక్క మాటే ఉండవచ్చు. ఉర్దూ చదవగల పెద్దల పక్కన కూర్చుని, కొలతలతో పోల్చి చూడండి.

3. ఎవరి నుంచి ఎవరికి, ఏ సంవత్సరం, ఏ ఆధారంతో వచ్చిందో వరుసగా రాయండి; ఆధారం దొరకని తరాన్ని ఖాళీగానే ఉంచండి.