బస్సుకీ నీకూ మధ్య రెండు పేజీలు

అబ్బోడా,

నువ్వు పంపిన కథ రాత్రే చదివినా. తిరుపతి లీలామహల్ సర్కిల్, సాయంత్రం ఆరున్నర, కొండ మీంచి దిగొచ్చే బస్సు నీ స్కూటీకి జానెడు దూరంలో ఆగడం. కథ అన్నావు గానీ ఇది నీకే జరిగుంటుంది. బస్సు కిటికీలో గుండుకి గంధం పూసుకున్న తాత నిన్ను చూసి గబుక్కున కళ్లు మూసుకున్నాడని ఒక లైను రాసినావే, అది కూర్చుని కల్పిస్తే వచ్చేది కాదు. అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే ఉండిపోయినా.

మిగతాది చదివితే మాత్రం ఒళ్లు మండింది.

బస్సుకీ నీకూ మధ్య రెండు పేజీలు పెట్టినావు. అందులో మీ అమ్మ, అక్క పెళ్లి అప్పులు, ఇంటర్లో నచ్చిన పిల్ల, చాలదన్నట్టు మృత్యువు నల్లటి రెక్కలు. 40 స్పీడులో ఉన్నానని నువ్వే రాసుకున్నావు, అంటే సెకనుకి 11 మీటర్లు, బ్రేకు మీదికి వేళ్లు పోయేలోపలే బండి ఎంతో దూరం పోయుంటాది, ఆ సందులో అక్క పెళ్లి యాడ గుర్తొస్తాది నాయనా? ప్రాణం మీదికొస్తే బతుకంతా కళ్ల ముందు రీలు తిరగాలని ఎవురు పెట్టినారో ఈ రూలు, ఇప్పుడు కథల వర్క్‌షాపుల్లో గూడా నేర్పిస్తా ఉండారంట. ఇంకోటి, నెత్తిన ఎర్రటి ఆకాశం అన్నావు. అక్కడ నెత్తిన ఉండేది గరుడ వారధి ఫ్లైఓవరు కదా, 2023లో శ్రీనివాస సేతు అని పేరు పెట్టి తెరిచినారు, రోజూ దాని కిందే పోతా వస్తా ఉండావు!

ముప్పై ఏళ్లుగా అందరికీ ఇదే చెప్తా ఉండా, వినేవాళ్లు తక్కువ. భయం అప్పుడు రాదు. అప్పుడు పని చేసేది వేళ్లే. భయం తర్వాత తీరిగ్గా వస్తాది, నువ్వు ఇంకేదో పనిలో ఉన్నప్పుడు.

1987లో నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఒక సాయంత్రం గాంధీ రోడ్డులో సైకిల్ మీద పోతుంటే సందులోంచి ఆటో దూసుకొచ్చి నా ముందు చక్రానికి ఆనుకుని ఆగింది. నాకు గుర్తుండేది బ్రేకు మీద ఆ డ్రైవరు కాలు, తెగిపోయి పిన్నీసు పెట్టుకున్న చెప్పు. వణికిపోతున్నాడు పాపం, 'ఏం కాలేదులేన్నా' అని నేనే ధైర్యం చెప్పి వచ్చేసినా. ఇంటికొచ్చి తాళం తీయబోతే చెవి బొక్కలో దూరదే! ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని తీయాల్సొచ్చింది, పక్కింటామె చూసి తాగొచ్చినాడనుకునింది. ఆ తాళంచెవి కోసమే కథ రాసి ఒక వారపత్రికకి పంపితే, ఎడిటరు గారు సరిగ్గా ఆ ముక్కే కోసేసి, నీతి లేదని చివర్లో 'నిదానమే ప్రధానం' అని సొంతంగా అతికించి అచ్చేసినాడు. లారీ వెనకాల రాసే మాట నా కథ వెనకాల! 40 రూపాయలు మనియార్డరు వచ్చింది. తీసుకున్నాలే, ఇంట్లో బియ్యానికి లేవు.

కలం పేరు, ఏ పత్రికకి పంపాలి అని అడిగినావే, అవన్నీ ఇంకోసారి మాట్లాడుకుందాం.

బస్సు పోయినాక ఏం చేసినావో ఒక్క ముక్క రాయలేదు. వెనక హారన్లు కొడతా ఉంటే బండి పక్కకి ఎట్ల తీసినావు, స్టాండు వేయను కాలు లేచిందా? ఆ రెండు పేజీలు చించేసి అక్కణ్ణించి రాసి పంపు. ఇంతకీ మీ నాయనకి చెప్పినావా? ఆ రాత్రి అన్నం తిన్నావా లేదా?